మూస్ మేసిన అడవి గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

విజయనగరం నుంచి నువ్వు పంపిన వ్యాసం చేరింది. ఉత్తరాది చలి అడవుల గురించి తెలుగులో రాయాలని నీకు తోచినందుకే ఎంతో సంతోషం అనిపించిందమ్మా. కానీ 'పెద్ద జంతువులు అడవిలో కార్బన్‌ని కాపాడతాయి' అన్న మొదటి వాక్యం కొట్టెయ్. వినడానికి బాగుంటుంది గానీ, అన్ని చోట్లా నిజం కాదు.

జంతువు నోటి దగ్గర మొదలుపెట్టు. అమెరికాలో సుపీరియర్ సరస్సు మధ్య ఐల్ రాయల్ దీవి ఉంది. అక్కడ 1940ల చివర్లోనే కొన్ని అడవి ముక్కల చుట్టూ కంచె కట్టి, దుప్పి జాతిలో అతి పెద్దదైన మూస్‌ని లోపలికి రానివ్వలేదు. మూస్ ఆస్పెన్, బిర్చ్, బాల్సమ్ ఫర్ చెట్లు తింటుంది, స్ప్రూస్ చెట్టుని దాదాపు ముట్టదు. మన మెట్టల మీద మేకలు తంగేడుని వదిలేసినట్టే. ఏళ్లు గడిచేకొద్దీ కంచె బయట స్ప్రూస్‌దే పైచేయి అయింది. దాని సూదుల్లాంటి ఆకు ఓ పట్టాన కుళ్లదు. చెట్లకి నత్రజని అందడం తగ్గుతుంది, నేలకి రాలే ఆకూ, దాంతో నేలకి చేరే కార్బనూ తగ్గుతాయి. కంచె లోపలి మట్టిని, బయటి మట్టిని పక్కపక్కన పెట్టి చూస్తే ఆ తేడా తెలిసింది. నీ వ్యాసానికి ప్రాణం ఇదే, నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. దీనికి రెండు పేరాలు ఇవ్వు.

చెట్టు మాను దగ్గరే ఆగకు. ఆ అడవుల్లో కార్బన్ ఎక్కువగా నేలలోనే ఉంటుంది. సైబీరియాలో చెర్స్కీ ఊరి దగ్గర రష్యా శాస్త్రవేత్త సెర్గీ జిమోవ్ 1996లో, పెద్ద జంతువుల్ని మేపి చూసే ప్లీస్టోసీన్ పార్క్ మొదలుపెట్టాడు. గుర్రాలు, బైసన్లు మంచుని తొక్కి అణిస్తే చలి లోపలికి దిగి, గడ్డకట్టిన నేల కరగకుండా, అందులోని కార్బన్ బయటికి పోకుండా నిలుస్తుందని ఆయన వాదన. ఐల్ రాయల్ ఒకటి చెబుతుంది, చెర్స్కీ ఇంకొకటి. రెండూ ఉండనీ, బలవంతంగా కలపకు.

చివర్లో కొమరాడ, జియ్యమ్మవలస ఏనుగుల్ని తెచ్చావు చూడు, అక్కడ మనసు కష్టపడింది. ఒడిశా వైపు నుంచి దిగిన ఆ ఏనుగుల వల్ల పంట పోగొట్టుకున్నవాళ్లున్నారు, మనిషిని పోగొట్టుకున్న ఇళ్లున్నాయి. వాళ్లకి మూస్ లెక్క వినిపించొద్దు. అది చలి నేల లెక్క. మన వేడికి, వానకి ఆకు తొందరగా కుళ్లిపోతుంది. ఏనుగుల మీద రాయాలనుంటే ముందు ఆ ఊళ్లు తిరుగు, రైతులతో, వాటి జాడ చూసే ట్రాకర్లతో మాట్లాడు. అది వేరే వ్యాసం.

పెన్సిల్‌తో దిద్దిన నీ ప్రతి దీనితోనే పంపుతున్నాను. తిరగరాసింది శ్రీకాకుళం అడ్రసుకే పంపు.