హాలు నిండినా చందాలెందుకు? మహిళల రెజ్లింగ్ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: నేను ఫాలో అయ్యే ఒక చిన్న మహిళల రెజ్లింగ్ కంపెనీ "ఈ నెల గట్టెక్కించండి" అంటూ అభిమానుల్ని చందాలు అడుగుతోంది. వీడియోల్లో చూస్తే ప్రతి షోకీ హాలు నిండే ఉంటుంది. మరి డబ్బులన్నీ ఏమవుతున్నట్టు? ఎవరైనా తినేస్తున్నారా?

జవాబు: తినేసేవాళ్ళు ఉండరని చెప్పను, ఈ వ్యాపారంలో అలాంటివాళ్ళకి కొదవ లేదు. కానీ చాలాసార్లు అసలు సంగతి అంతకన్నా చప్పగా ఉంటుంది. వీడియోలో నిండుగా కనబడే ఆ హాల్లో కుర్చీలు రెండు మూడు వందలు మించకపోవచ్చు, పైగా కెమెరాకి కనబడే వైపే జనాన్ని సర్ది కూర్చోబెడతారు. ఆ టికెట్ల డబ్బులోంచి హాలు అద్దె, రింగు అద్దె, దాన్ని మోసుకొచ్చే లారీ, ఇన్సూరెన్సు, లైట్లు, కెమెరావాళ్ళు, దూరం నుంచి వచ్చే రెజ్లర్ల ప్రయాణం, బస, అన్నీ పోవాలి. వీటిలో చాలావాటికి ముందే డబ్బు కట్టాలి, టికెట్లు మాత్రం ఆఖరి రోజుల్లో గానీ కదలవు. ఈలోగా మెయిన్ ఈవెంట్, అంటే షోలో ముఖ్యమైన ఆఖరి మ్యాచ్, ఆడాల్సిన అమ్మాయికి మోకాలు పట్టేసి తప్పుకుందంటే వాపసులు అడిగేవాళ్ళు తయారవుతారు. కంపెనీ లెక్క మీద లాభంలో ఉండి కూడా శుక్రవారం కట్టాల్సిన హాలు అడ్వాన్సుకి చేతిలో రూపాయి లేక మునిగిపోవచ్చు. చందాలు అడిగేది ఎక్కువగా ఈ సందు పూడ్చడానికే.

అమెరికాలో 2005లో మొదలైన షిమ్మర్ అనే మహిళల రెజ్లింగ్ కంపెనీ దీనికి మంచి ఉపాయం వేసింది. షికాగో పక్కనున్న బెర్విన్‌లో ఒక క్లబ్బు హాలు తీసుకుని, ఒకే రోజు రెండు డీవీడీలకి సరిపడా మ్యాచ్‌లు షూట్ చేసేవాళ్ళు. విమానం ఖర్చు ఒకటే, రింగు బిగించేది ఒక్కసారే, అమ్మే సరుకు మాత్రం రెండు. గేటు కలెక్షన్ కన్నా డీవీడీల మీదే ఎక్కువగా ఆధారపడిన కంపెనీ అది. బాగానే సాగింది, జనం డీవీడీలు కొనడం మానేసేదాకా. ఒక్క డీవీడీ ఖరీదుతో నెలంతా ఎన్ని షోలైనా స్ట్రీమింగ్‌లో చూడొచ్చన్నప్పుడు ఎవరు మాత్రం కొంటారు చెప్పండి.

ఇప్పుడు చాలా కంపెనీల్లో నికరంగా డబ్బు కళ్ళజూసేది హాలు వెనక వేసిన మడత టేబుళ్ళ దగ్గర. మ్యాచ్ అయిన కాసేపటికే భుజానికి ఐస్ ప్యాక్ అదుముకుంటూ, ముఖం మీద చెదిరిన రంగులతోనే వచ్చి కూర్చుంటుంది అమ్మాయి. ఒక చేత్తో టీషర్టు మడిచి ఇస్తుంది, ఇంకో చేత్తో చిల్లర లెక్కపెడుతుంది, మధ్యలో ఎవరో "అక్కా, ఆ సూప్లెక్స్ (ఎత్తి వెనక్కి పడేసే పట్టు) అదిరింది" అంటే నవ్వుతుంది. జపాన్‌లో అయితే అభిమానితో కలిసి ఇన్‌స్టంట్ కెమెరాలో ఫొటో దిగి, దాని మీద సంతకం పెట్టి అమ్ముతారు. 'చెకీ' అంటారు దాన్ని, దానికోసం పెద్ద వరసలు కడతారు. మ్యాచ్ ఫీజు కన్నా ఈ టేబుల్ మీద వచ్చిందే ఎక్కువైన రాత్రులు బోలెడు. అందులో కంపెనీ వాటా ఎంతన్నది ఒప్పందాన్ని బట్టి ఉంటుంది. అందుకే హాలంతా కళకళలాడుతున్నా కంపెనీ గల్లా బోసిపోయి ఉండొచ్చు.

ప్రశ్న: డబ్బున్న ఆసామి ఎవరైనా ఒకరు వెనక ఉంటే ఈ టెన్షన్లన్నీ తీరవా?

జవాబు: తీరతాయి, ఆసామికి సరదా తీరేదాకా. 1986లో మొదలైన గ్లో అనే టీవీ షో, అంటే గార్జియస్ లేడీస్ ఆఫ్ రెజ్లింగ్, లాస్ వేగస్‌లోని రివియెరా హోటల్లో షూటింగ్ జరుపుకునేది. పెట్టుబడి ఆ హోటల్ యజమాని మెషులం రిక్లిస్‌ది. టీవీలో చూసేవాళ్ళు ఉండగానే ఆయన డబ్బు ఆపేశాడు, 1990 కల్లా షో బంద్. 2010లో రెజ్లిషస్ అని ఒకటి టీవీకెక్కింది, దానికి డబ్బు పెట్టింది లాటరీ కొట్టిన ఒక కుర్రాడు, నిజంగానే. అది కూడా ఎక్కువ కాలం నిలవలేదు.

పోనీ సొంత సంపాదనతో ఎదిగినవి బాగుపడ్డాయా అంటే, ఆల్ జపాన్ ఉమెన్స్ కథ చూడండి. మత్సునాగ సోదరులు 1968లో పెట్టిన కంపెనీ. 1980లలో చిగుసా నగాయో, లయనెస్ అసుకా కలిసి 'క్రష్ గాల్స్' జంటగా దిగితే బడిపిల్లలు గొంతులు బొంగురుపోయేలా అరిచేవాళ్ళు. 1994 నవంబర్ 20న ఏకంగా టోక్యో డోమ్ అనే పెద్ద స్టేడియంలో షో పెట్టారు, దాదాపు పది గంటలపాటు సాగింది. ఆ తర్వాత మూడేళ్ళకే, 1997లో, కంపెనీ దివాలా. రెజ్లింగ్‌లో వచ్చిన డబ్బుని భూముల్లో, షేర్లలో, రెస్టారెంట్లలో పోశారు, జపాన్‌లో భూముల, షేర్ల ధరల బబుల్ పగిలాక అవన్నీ అప్పులై మెడకి చుట్టుకున్నాయి. జీతాలు అందక రెజ్లర్లు వెళ్ళిపోయారు, కొందరు కొత్త కంపెనీల్లో తేలారు. మిగిలినవాళ్ళతో ఎలాగోలా 2005 దాకా ఈడ్చి మూసేశారు. ఆదరణ తగ్గిన మాటా నిజమే, కానీ ఆడవాళ్ళ రెజ్లింగ్‌కి మార్కెట్ లేకే అది మునిగిందని రాసేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మార్కెట్ సంపాదించి పెట్టిందాన్ని యజమానులు వేరేచోట పోగొట్టారు.

మంచి ఉదాహరణ కావాలంటే జపాన్‌లోని మహిళల రెజ్లింగ్ కంపెనీ స్టార్‌డమ్ ఉంది. 2019లో దాన్ని బుషిరోడ్ కొనుక్కుంది. కార్డ్ గేమ్స్ కంపెనీ అది, న్యూ జపాన్ రెజ్లింగ్ అనే మగవాళ్ళ కంపెనీ అప్పటికే దాని చేతిలో ఉంది, కాబట్టి టికెట్లెలా అమ్మాలో, సరుకెలా అమ్మాలో తెలిసినవాళ్ళ చేతిలో పడినట్టే, కంపెనీ బాగా పెరిగింది. అయితే అమ్ముకున్నాక పెత్తనం కూడా వాళ్ళదే. స్టార్‌డమ్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాస్సీ ఒగావాకి 2024లో అక్కడ ఉద్వాసన పలికారు, ఆయన అదే ఏడాది మారిగోల్డ్ అని ఇంకో కంపెనీ పెట్టుకున్నాడు.

ప్రశ్న: ఆడవాళ్ళ రెజ్లింగ్ ఎవరూ చూడరు, అందుకే నష్టాలు అంటాడు మా తమ్ముడు. ఏం చెప్పాలి?

జవాబు: అమెరికాలోని పెద్ద కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఈ ఏటా పెట్టే అతిపెద్ద షో రెజిల్‌మేనియాలో, 2019లో మెయిన్ ఈవెంట్ ఆడినవాళ్ళు ముగ్గురూ ఆడవాళ్ళేనని చెప్పండి చాలు. వాళ్ళలో గెలిచిన బెకీ లించ్ ఒకప్పుడు రెబెకా నాక్స్ పేరుతో షిమ్మర్‌లో కుస్తీ పట్టిన అమ్మాయే. చూసేవాళ్ళు పెరగడం వల్ల కూడా చిన్న కంపెనీలకి దెబ్బ తగిలింది, ఇది వింతగా ఉంటుంది గానీ నిజం. అమ్మాయికి పేరొచ్చి, ఆమె బొమ్మ చూసి టికెట్లు తెగే సమయానికి పెద్ద కంపెనీ ఫోన్ చేస్తుంది. స్టార్‌డమ్ నుంచి 2017లో కైరీ హోజో, 2018లో ఇయో షిరాయి అలాగే డబ్ల్యూడబ్ల్యూఈకి వెళ్ళారు. ఫుట్‌బాల్‌లోలా ట్రాన్స్‌ఫర్ ఫీజు ఇచ్చే పద్ధతి ఇక్కడ లేదు. చాలా చిన్న కంపెనీల్లో రాతకోతలే ఉండవు, ఇంక ఏమని అడుగుతారు!

ప్రశ్న: నేను రెజ్లర్‌ని. ఒక ప్రమోటర్ దగ్గర నాకు పాత పేమెంట్లు రావాలి. అడిగితే "మనమంతా ఒక కుటుంబం కదమ్మా, ఈ ఒక్క షో చేసిపెట్టు, అన్నీ కలిపి ఇచ్చేస్తా" అంటున్నారు. వెళ్ళనా?

జవాబు: వెళ్ళొద్దమ్మా. కుటుంబం అనే మాట ఎక్కడైనా బకాయి ఉన్నచోటే ఎక్కువ వినబడుతుంది. హాలువాడికి, రింగువాడికి ఆయన ఆ మాట చెప్పడు, చెబితే తలుపు తెరవరు కాబట్టి. మీరు తెరుస్తున్నారు, అంతే తేడా. పాతది ఎంత, ఏ షోలది, ఏ తేదీకిస్తారు అన్నది మెసేజ్‌లో రాయించుకోండి, నోటిమాటగా వదిలేయకండి. అదే లాకర్‌రూమ్‌లో ఇంకెంతమందికి రావాలో మెల్లగా వాకబు చేయండి, మీరొక్కరే అయ్యుండరు. ఇకముందు ఎవరికి ఒప్పుకున్నా ప్రయాణం టికెట్ వాళ్ళే ముందు తీయాలి, ఫీజు అదే రాత్రి చేతిలో పడాలి.

రెండు సంగతులు చాలామంది అడగడం మర్చిపోతారు. ఒకటి, మీ మ్యాచ్ వీడియో. ఆ రాత్రి ఫీజుతో మీ పని అయిపోతుంది గానీ వాళ్ళు దాన్ని ఏళ్ళ తరబడి అమ్ముకోవచ్చు, ముందే మాట్లాడుకోండి. రెండోది, దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు ఎవరిదన్నది. మిమ్మల్ని ఉద్యోగిగా కాకుండా కాంట్రాక్టర్‌గా చూపిస్తే బిల్లు మీ నెత్తినే పడుతుంది.

ప్రశ్న: చిన్నగానే ఉంటూ నిలబడినవి అసలు లేవా?

జవాబు: ఉన్నాయి. జపాన్ రెజ్లర్ ఎమీ సకురా 2006లో మొదలుపెట్టిన ఐస్ రిబ్బన్ కంపెనీ తన సొంత శిక్షణ హాల్లోనే షోలు పెట్టుకుంటూ వచ్చింది, ఆ షోలకి బయట హాలు వెతుక్కునే పనే ఉండదు. తర్వాత ఆవిడే 2020 మార్చిలో, కరోనాతో హాళ్ళన్నీ మూతపడినప్పుడు, చోకోప్రో మొదలుపెట్టారు. టోక్యోలో ఒక బుల్లి గది, రింగు లేదు, నేల మీద మ్యాట్లే. కిటికీ గట్టెక్కి అక్కడినుంచి దూకుతారు, గోడలకి ఆనించి కొట్టుకుంటారు, ఇదంతా యూట్యూబ్‌లో ఉచితంగా. నచ్చినవాళ్ళు డబ్బు పంపిస్తారు. మొదటిసారి చూస్తే ఇదేం రెజ్లింగ్ అనిపిస్తుంది, కాసేపయ్యాక ఆపబుద్ధి కాదు. వాళ్ళ ఖర్చు ఎంత తక్కువో గమనించండి.

ప్రశ్న: మాలాంటి మామూలు అభిమానులు చేయగలిగింది ఏమైనా ఉందా?

జవాబు: టికెట్ ఎలాగూ కొంటారు కదా, ప్రకటించిన రోజే కొనండి, హాలు అడ్వాన్సు కట్టేది ఆ డబ్బుతోనే. టీషర్టు మాత్రం ఆ అమ్మాయి టేబుల్ దగ్గరే తీసుకోండి.