శారీరక సంబంధం లేని పెళ్లి: ఏ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లాలి?

పెళ్లయి మూడేళ్లు దాటినా, ఒకే ఇంట్లో ఉంటున్నా శారీరక సంబంధం లేదని, దీని మీదే విడాకులు వస్తాయా అని అడిగారు. వస్తాయి. అయితే హిందూ వివాహ చట్టం, 1955లో "సంబంధం లేదు" అనేది విడిగా ఒక కారణం కాదు. ఎందుకు లేదన్నదాన్ని బట్టి సెక్షన్ మారుతుంది. ఈ కేసులు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే.

ఎదుటివారికి సాధ్యం కాకపోతే సెక్షన్ 12(1)(ఏ). లైంగిక అసమర్థత వల్ల పెళ్లయ్యాక ఒక్కసారి కూడా కలయిక జరగలేదని రుజువైతే కోర్టు విడాకులివ్వదు, పెళ్లినే రద్దు చేస్తుంది. సంతానం కలగకపోవడం దీని కిందికి రాదు. శరీరంలో లోపమే ఉండాలనీ లేదు, మానసిక కారణాలతో జీవిత భాగస్వామి దగ్గర మాత్రమే సాధ్యం కాకపోయినా వర్తిస్తుంది. పెళ్లయ్యాక ఒకసారి కలిసినా ఈ దారి మూసుకుపోయినట్టే. పెళ్లి రద్దయితే భరణం ఉండదని చాలామంది భయపడతారు, కానీ సెక్షన్ 25 కింద అడగవచ్చు.

సాధ్యమై ఉండీ ఒప్పుకోకపోతే సెక్షన్ 13(1)(ఐఏ), అంటే క్రూరత్వం. శారీరక అసమర్థత గానీ, సరైన కారణం గానీ లేకుండా చాలాకాలం ఏకపక్షంగా నిరాకరించడం మానసిక క్రూరత్వం కావచ్చని సుప్రీంకోర్టు 2007లో చెప్పింది (తీర్పుల సంపుటి సుప్రీంకోర్టు కేసెస్‌లో: 2007, 4 ఎస్‌సీసీ 511). ఎన్నేళ్లయితే చాలాకాలం అనే లెక్క లేదు, మొత్తం కాపురాన్ని చూసి తేలుస్తారు. అనారోగ్యం, నొప్పి, కాన్పు తర్వాతి ఇబ్బంది, ఇంట్లో కొట్టడం, తాగి వచ్చి వేధించడం, ఇవన్నీ నిరాకరించడానికి సరైన కారణాలే. కాబట్టి ముందు డాక్టరుకు చూపించండి, కౌన్సెలింగ్‌కు రమ్మని అడగండి. కాపురం నిలబడితే మంచిదే. లేకపోతే ఆ కాగితాలే సాక్ష్యం. అంతేగానీ బలవంతం మాత్రం ఎప్పుడూ చేయకూడదు.

"అసమర్థుడు" అని ఒక పేరాలో, "కావాలనే దూరం పెట్టాడు" అని మరో పేరాలో రాసిన పిటిషన్ క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలవదు. రద్దు కుదరకపోతే విడాకులు ఇవ్వమని ప్రత్యామ్నాయంగా అడగవచ్చు గానీ జరిగిన సంగతులు ఒకదానికొకటి పొసగాలి.

పడకగదికి సాక్షులుండరు కాబట్టి తేదీలే బలం. కాపురం ఎప్పుడు పెట్టారు, ఎప్పటినుంచి వేరే గదుల్లో పడుకుంటున్నారు, ఎప్పుడు అడిగితే ఏమన్నారు, పెద్దల్లో ఎవరితో చెప్పుకున్నారు, ఇవి వరుసగా రాయండి. వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లు ఒక్కటే ఇస్తే అభ్యంతరం వస్తుంది, ఎలక్ట్రానిక్ రికార్డులకు కావాల్సిన భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 సర్టిఫికెట్ జతచేయాలి. వైద్య పరీక్షకు ఆదేశించే అధికారం ఫ్యామిలీ కోర్టుకు ఉందని సుప్రీంకోర్టు 2003లోనే చెప్పింది. ఆ ఆదేశం కావాలంటే మీరు బలమైన ప్రాథమిక ఆధారం చూపాలి. ఆదేశం వచ్చాక ఎదుటివారు పరీక్షకు రాకపోతే కోర్టు దాన్ని వారికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. మధ్యలో రాజీపడి మళ్లీ కాపురం చేస్తే, పాత క్రూరత్వాన్ని క్షమించారనే వాదన వస్తుంది. రాజీ తర్వాత మళ్లీ ఏం జరిగిందో తప్పక రాయాలి. విచారణ మూసిన గదిలోనే జరుగుతుంది, కాబట్టి సిగ్గుపడి వివరాలు దాచుకోవద్దు.

పెళ్లయిన ఏడాదిలోపు విడాకుల పిటిషన్ వేయాలంటే సెక్షన్ 14 కింద ప్రత్యేక అనుమతి కావాలి. సెక్షన్ 12 పిటిషన్‌కు ఆ అడ్డు లేదు. ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లయితే మీ పని ఇంకా తేలిక, కావాలని నిరాకరించి పెళ్లయ్యాక కలయికే జరగనివ్వకపోతే ఆ చట్టంలోని సెక్షన్ 25 ప్రకారం రద్దుకు అదొక్కటే చాలు. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టం సెక్షన్ 10లో ఇలాంటిదే విడాకులకు కారణంగా ఉంది.

ఇద్దరూ ఒప్పుకునే అవకాశం కొంచెమున్నా నేను ముందు హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి, అంటే పరస్పర అంగీకారంతో విడాకులు, ప్రయత్నించమంటాను. పిటిషన్‌లో పడకగది సంగతులు రాయనక్కర్లేదు. ఏడాదిగా విడిగా ఉండాలన్నది షరతు. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా జీవించకపోతే విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లో చెప్పింది, మీ పరిస్థితి సరిగ్గా అదే. ఇద్దరూ కలిసి కోర్టును రెండుసార్లు అడగాలి, వీటినే మొదటి మోషన్, రెండో మోషన్ అంటారు. మొదటి మోషన్ తర్వాత ఆగాల్సిన ఆరు నెలల గడువును తగిన సందర్భాల్లో మాఫీ చేయవచ్చని 2017లో తీర్పు వచ్చింది. డిక్రీ, అంటే కోర్టు తుది ఉత్తర్వు, వచ్చేదాకా ఎవరైనా అంగీకారం వెనక్కి తీసుకోవచ్చు. అందుకే ఇవ్వాల్సిన డబ్బు, నగలు ఒప్పందంలో స్పష్టంగా రాసుకుని, కొంత మొదటి మోషన్‌కు, మిగతాది రెండో మోషన్ రోజున ఇచ్చేలా పెట్టుకోండి.