క్యూబెన్సిస్‌కు ఒకే అంకె దొరకదు

ఫార్మసీ సెమినార్ పట్టికలో సైలోసైబ్ క్యూబెన్సిస్ అనే పుట్టగొడుగుకు ఒక పుస్తకం 0.6 శాతం అంటే, మరొకటి ఒక శాతం పైనే అంటోందని, ఏది రాయాలని అడిగారు. రెండూ రాయండి, పరిధిగా చూపించండి. అవి ఎండు బరువులో సైలోసైబిన్ (భ్రాంతులు కలిగించే పదార్థం) శాతాలు. 1982లో బిగ్‌వుడ్, బ్యూగ్ అనే పరిశోధకులు ఒకే రకమైన పరిస్థితుల్లో పెంచిన క్యూబెన్సిస్‌లోనే నాలుగు రెట్ల తేడా చూశారు. బయటినుంచి తెచ్చిన నమూనాల్లో అది పది రెట్లకు పైనే! సగటు ఒక్కటే వేస్తే ఈ అసలు విషయమే కనుమరుగవుతుంది.

జాతుల మధ్య తేడా చూపాలంటే క్యూబెన్సిస్ పక్కనే సైలోసైబ్ అజురెసెన్స్ అనే మరో జాతిని కూడా చేర్చండి. అమెరికాలో కొలంబియా నది సముద్రంలో కలిసే చోట, కుళ్లిన చెక్క మీద పెరుగుతుంది, 1.78 శాతం వరకు నమోదైంది. అలాంటి చెక్క మీదే కాలేయాన్ని దెబ్బతీసి ప్రాణం తీసే గలెరీనా మార్జినాటా కూడా మొలుస్తుంది. చూపుకు రెండూ గోధుమరంగు పుట్టగొడుగులే. ఈ హెచ్చరిక పట్టిక కిందే తప్పకుండా వేయండి.

పుట్టగొడుగును నలిపితే నీలం తేలడాన్ని దాని తీవ్రతకు కొలమానంగా రాశారు, అది తీసేయండి. ఆ నీలం సైలోసిన్ (సైలోసైబిన్ నుంచి ఏర్పడే పదార్థం) ఆక్సీకరణ చెందితే వచ్చేది, మోతాదు చెప్పదు. ఎర్రటోపీ పుట్టగొడుగు అమనీటా మస్కారియాను కూడా పట్టికలోంచి తొలగించండి. దానిలో పనిచేసేది మస్సిమాల్, సైలోసైబిన్ కాదు.