బుజ్జీ, ఆ ఏజెన్సీకి అడ్వాన్స్ కట్టే ముందు ఇది చదువు

బుజ్జీ,

నీ మగ్గం వర్క్ సైటు చూశాను, ఫొటోలు మెరిసిపోతున్నాయి. దాని సంగతి తర్వాత. నెల రోజుల్లో గూగుల్‌లో మొదటి స్థానంలో కూర్చోబెడతామన్న ఆ ఏజెన్సీవాళ్లకి ముందు పైసా కట్టకు. మొదటి స్థానానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరని గూగులే రాసిపెట్టింది. మొదట్లో చెయ్యాల్సిన పని చాలావరకు నీ చేతిలోదే.

అసలు నీ సైటు గూగుల్‌కి తెలుసో లేదో చూడు. సెర్చ్‌లో ఇంగ్లీషులో సైట్ అని కొట్టి, కోలన్ పెట్టి, గ్యాప్ ఇవ్వకుండా నీ డొమైన్ పేరు (సైటు అడ్రస్) రాయి. ఒక్క పేజీ కూడా రాకపోతే నీ సైటు కట్టిన సాఫ్ట్‌వేర్, అదే వర్డ్‌ప్రెస్, సెట్టింగ్స్‌లో రీడింగ్ అనే చోటికి వెళ్లు, సెర్చ్ ఇంజిన్లని రావద్దని చెప్పే గడి ఒకటి ఉంటుంది. సైటు కట్టేటప్పుడు డెవలపర్లు దానికి టిక్ పెడతారు, లాంచ్ రోజు తియ్యడం మర్చిపోతారు, ఎంతమందికి ఇలా జరిగిందో! ఆ తర్వాత సెర్చ్ కన్సోల్ అనే గూగుల్ టూల్‌లో (ఉచితమే) సైటు నీదని చూపించుకుని సైట్‌మ్యాప్, అంటే నీ పేజీల జాబితా, ఇచ్చెయ్యి.

ఇక అసలు పని మాటల దగ్గర. నీ మొదటి పేజీ టైటిల్‌లో (గూగుల్ ఫలితాల్లో కనపడే పేరు) 'హోమ్' అని ఉంది, కింద పెద్దక్షరాల్లో 'దారాలు చెప్పే కథలు' అని ఇంగ్లీషులో పెట్టావు. బాగుంది, కానీ ఆ మాట ఎవరు వెతుకుతారే? మీ బెంగళూరు మారతహళ్లిలో మనవాళ్లు 'మగ్గం వర్క్ బ్లౌజ్ నియర్ మీ' అని కొడతారు, పక్క ఫ్లాట్ తమిళావిడ అదే పనిని 'ఆరి వర్క్' అని వెతుకుతుంది, ఇద్దరూ నీ కస్టమర్లే కాబట్టి రెండు పేర్లూ పేజీలో సహజంగా రావాలి. టైటిల్‌లో పని పేరు, ఏరియా, షాపు పేరు ఉంటే చాలు. పెళ్లి బ్లౌజులకి ఒక పేజీ, పిల్లల లంగాలకి ఇంకొకటి, దేనికి తగ్గ టైటిల్ దానికి. అలాగని వైట్‌ఫీల్డ్‌కొకటి, కేఆర్ పురానికొకటి అంటూ ఏరియా పేరు మాత్రం మార్చి అదే పేజీని పది కాపీలు చెయ్యకు, గూగుల్ దాన్ని స్పామ్ కింద లెక్కేస్తుంది. మెటా కీవర్డ్స్ (పేజీ కోడ్‌లో దాచిపెట్టే వెతుకుడు మాటలు) నింపుతామని ఎవరైనా బిల్లేస్తే నవ్వి ఊరుకో, ర్యాంకింగ్‌కి వాటిని వాడటంలేదని గూగుల్ 2009లోనే చెప్పేసింది.

పేజీలో ఏం రాయాలా అని బుర్ర బద్దలుకొట్టుకోకు. వాట్సాప్ తెరిచి కస్టమర్లు నిన్ను అడిగినవి చూడు: ఎన్ని రోజులు పడుతుంది, ఆది జాకెట్టు పంపితే సరిపోతుందా, కుట్టేసిన బ్లౌజు మీద వర్క్ చేస్తారా, జర్దోసీ నల్లబడుతుందా. వీటికి నువ్వు ఫోన్‌లో చెప్పినట్టే జవాబులు రాసెయ్యి. ఇన్‌స్టాలోలా 'ధర కోసం డీఎం చెయ్యండి' అనొద్దు, ఎంత నుంచి మొదలవుతుందో సైటులో పెట్టు. ధర కూడా వేసి వెతికేవాళ్లే కొనడానికి సిద్ధంగా ఉన్నవాళ్లు.

ఫొటోలు ఫోన్‌లోంచి తీసినవి తీసినట్టే ఎక్కించావు, సైటు బరువంతా అక్కడే. నీ కస్టమర్లు మెట్రో పనుల ట్రాఫిక్‌లో క్యాబ్‌లో కూర్చుని మొబైల్‌లో చూస్తారు, గూగుల్ కూడా ముందు మొబైల్ రూపాన్నే చదువుతుంది. ఫొటోలని వెబ్‌పీ అనే తేలికపాటి ఫార్మాట్‌లోకి మార్చి సైజు తగ్గించి, సైటు వేగం కొలిచే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో చూసుకో. పేజీలో అన్నిటికన్నా పెద్ద బొమ్మో టెక్స్టో 2.5 సెకన్లలోపు కనిపించాలన్నది గూగుల్ పెట్టిన గీత. బొమ్మలో ఏముందో ఆల్ట్ టెక్స్ట్‌లో (బొమ్మకి జతచేసే వివరణ) ఒక ముక్క రాయి, 'ఎర్ర పట్టు బ్లౌజు, నెమలి మగ్గం వర్క్' అన్నట్టు.

నిజం చెప్పాలంటే నీలాంటి షాపుకి సైటు కన్నా ముందు మ్యాప్స్‌లోంచే ఫోన్లు వస్తాయి. మ్యాప్స్‌లో షాపుని చూపించే గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ పెట్టు, అందులో షాపు అసలు పేరే రాయి, 'బెస్ట్ మగ్గం వర్క్' అని తగిలించడం రూల్స్‌కి విరుద్ధం. కస్టమర్ ఇంటికే వెళ్లి కొలతలు తీసుకుంటావు కాబట్టి మీ ఇంటి అడ్రస్ దాచి, తిరిగే ఏరియాలు మాత్రం చూపించొచ్చు. అక్కడ దూరం కూడా లెక్కే, యలహంకలో వెతికినవాళ్లకి కనపడలేదని బెంగపడకు. రివ్యూలు అడుగు, కానీ రివ్యూకి డిస్కౌంట్ ఇవ్వకు.

వేరే సైట్లనుంచి నీ సైటుకి వంద లింకులు, వెయ్యి లింకులు పెట్టిస్తామని ప్యాకేజీలు అమ్మేవాళ్ల జోలికి అసలు పోవద్దు, 2012లో గూగుల్ తన సెర్చ్‌లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చినప్పుడు అలా కొనుక్కున్న సైట్లు చాలా మునిగాయి. నువ్వు కలిసి పనిచేసే మేకప్ ఆర్టిస్టు, పెళ్లి ఫొటోగ్రాఫరు, చిక్కపేటలో నువ్వు బట్ట కొనే షాపు, వాళ్ల సైటులో నీ పేరుకి లింకు పెట్టమని అడుగు, రెండు మూడు వచ్చినా చాలు.

ఫలితం కనిపించడానికి మామూలుగా నాలుగు నెలల నుంచి ఏడాది పడుతుందని గూగుల్ వాళ్లే చెప్పారు. శ్రావణం పెళ్లిళ్లకి జనం ఆషాఢంలోనే వెతకడం మొదలుపెడతారు, అప్పుడు పేజీలు రాస్తే ఆ సీజన్ పోయినట్టే, మాఘం, ఫాల్గుణంలోనే రాసి పెట్టుకో. ఈలోపు రోజూ ర్యాంకు చూసుకుని టెన్షన్ పడకు. నెలకోసారి సెర్చ్ కన్సోల్‌లో ఏ మాటలకి నీ పేజీ కనపడుతోందో, ఎన్ని క్లిక్కులొచ్చాయో చూడు. ఎక్కువసార్లు కనపడి క్లిక్ రాని పేజీకి ముందు టైటిల్ మార్చు.

ఇంకో ముఖ్యమైన సంగతి, డొమైన్ ఎవరి పేరు మీద ఉంది? డెవలపర్ పేరు మీద ఉంటే ఈ వారంలోనే నీ పేరుకి మార్పించుకో. సెర్చ్ కన్సోల్, బిజినెస్ ప్రొఫైల్ కూడా నీ జీమెయిల్‌తోనే తెరువు. రేపు అతను ఫోన్ ఎత్తకపోతే నీ సైటు నీ చేతిలో ఉండదు.

మీ పిన్ని