ఇత్తడి కేసుల కోత: పొడవు ఒక్కటే చూస్తే చాలదు
(రీలోడింగ్‌పై, అంటే పేల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గొట్టాలైన కేసులను మళ్లీ నింపి వాడుకోవడంపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు)

ప్రశ్న: నేను అమెరికా పౌరుణ్ణి, టెక్సాస్‌లో ఉంటున్నాను. కాల్పుల రేంజ్‌లో పేల్చిన .223 రెమింగ్టన్ తూటాల ఖాళీ కేసులు రెండు బకెట్ల నిండా పోగుచేశాను. వీటిని కోసి .300 బ్లాకౌట్ అనే మరో రకం తూటా కేసులుగా మార్చుకోవాలని ఉంది. కేసును కొలతకు కోసే ట్రిమ్మర్లు చూస్తే కొన్ని పదుల డాలర్ల నుంచి వందల డాలర్ల దాకా ఉన్నాయి. ఏ పరికరం కొంటే పొడవు కచ్చితంగా వస్తుందో దయచేసి చెప్పగలరా?

జవాబు: ట్రిమ్మర్ కన్నా ముందు మీరు కొనవలసింది ఒక మంచి కాలిపర్ (పొడవు, వ్యాసం కొలిచే సాధనం). అంగుళంలో వెయ్యో వంతు దాకా చదవగలిగే ఆరంగుళాల కాలిపర్ చేతిలో లేకుండా, ఎంత ఖరీదైన యంత్రంతో కోసినా ఆ కోత సరిగ్గా పడిందో లేదో మీకు తెలియదు. .223 కేసు గరిష్ఠ పొడవు 1.760 అంగుళాలు; .300 బ్లాకౌట్ గరిష్ఠ పొడవు 1.368 అంగుళాలు, కోత కొలతగా సాధారణంగా 1.358 పెట్టుకుంటారు. అంటే మీకు దొరికే వెసులుబాటు అంగుళంలో వందో వంతు మాత్రమే. కేసు అంతకు మించి పొడవుంటే దాని మూతి చాంబర్ (బారెల్‌లో తూటా కూర్చునే గది) చివర ఒరుసుకుని బుల్లెట్‌ను బిగబట్టేస్తుంది. పేలిన క్షణంలో బుల్లెట్ వదలవలసినంత సులువుగా వదలక లోపలి ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఈ పనిలో కొలతకు ఇంత పట్టుబట్టడం అందుకే.

మార్చే క్రమం ఇలా ఉంటుంది. కేసును భుజానికి (బుల్లెట్‌ను పట్టుకునే సన్నని మెడ మొదలయ్యే వాలుకు) కొంచెం కింద, చివరి పొడవు కన్నా కాస్త ఎక్కువ ఉండేలా చిన్న రంపంతో కోస్తారు. చిన్న కట్ ఆఫ్ రంపానికి కేసును పట్టి ఉంచే అచ్చు బిగించుకుంటే బకెట్ల కొద్దీ కేసులు త్వరగా తెగుతాయి. ఇత్తడి రజను కంట్లో పడుతుంది కనుక కళ్లద్దాలు తప్పనిసరి. తెగిన ముక్కను మీటతో నొక్కే ప్రెస్‌లో .300 బ్లాకౌట్ సైజింగ్ డై అనే అచ్చులోకి నెడితే కొత్త భుజం, కొత్త మెడ ఏర్పడతాయి. ఆ తరువాతే తుది కోత. డైలో నలిగినప్పుడు ఇత్తడి పొడవుగా సాగుతుంది కాబట్టి, ముందే కచ్చితంగా కోసి తరువాత డైలో పెడితే మీ కొలత చెడిపోతుంది. కోత అయ్యాక మూతి లోపలా బయటా నూగు తీసి, అంచు కాస్త వాలుగా చెక్కాలి.

ఇక మీ అసలు ప్రశ్న. ట్రిమ్మర్లను ధరను బట్టి కాక, కేసును దేనికి ఆనించి కొలుస్తాయో దాన్ని బట్టి ఎంచుకోండి. ఒక రకం కేసు అడుగు భాగాన్ని ఆధారం చేసుకుంటుంది. ఫార్‌స్టర్ వారి చేతితో తిప్పే చిన్న లేత్ లాంటిది, ఎల్.ఇ. విల్సన్ వారిది, చౌకలో లీ వారి పొడవు గేజ్ అన్నీ ఈ కోవలోనివే. లీ గేజ్‌లో సన్నని పుల్ల ప్రైమర్ (తుపాకీ మందును అంటించే చిన్న టోపీ) రంధ్రంలోంచి దిగి అడుగున ఆగుతుంది. పొడవును అదే నిర్ణయిస్తుంది, సర్దడానికి ఏమీ ఉండదు. ఒక్కో తూటా రకానికి ఒక్కో గేజ్ కొనాలి, పని నెమ్మదిగా సాగుతుంది, చెయ్యి నొప్పి పెడుతుంది. అయినా వంద కేసులలోపు పనికి నేను ఇప్పటికీ దాన్నే సిఫారసు చేస్తాను. రెండో రకం కేసు భుజానికి ఆనుకుని కోస్తుంది. మోటారుతో తిరిగే జిరాడ్, డ్రిల్‌కు బిగించుకునే డబ్ల్యూఎఫ్‌టీ ఈ రకం. కేసును లోపలికి నొక్కి తీయడమే పని, కొన్ని సెకన్లలో అయిపోతుంది. జిరాడ్ అయితే అదే కోతలో మూతి నూగును కూడా తీసేస్తుంది. ప్రెస్ పైనే అమరి, సైజింగ్‌తో పాటే కోసే డిల్లన్ ట్రిమ్మర్ కూడా ఉంది. ఏడాదికి వేల సంఖ్యలో మార్చేవారికి తప్ప అంత ఖర్చు అవసరమని నేను అనుకోను.

భుజానికి ఆనుకునే రకంతో ఒక మెలిక ఉంది. భుజం ఎక్కడుంటే అక్కడి నుంచే అది కొలుస్తుంది కనుక, డై అమరికలో వచ్చిన తేడా అంతా మొత్తం పొడవులోకి వచ్చి చేరుతుంది. ఒకసారి నేను పని మధ్యలో డైని కాస్త సర్ది, మళ్లీ కొలవకుండానే కోత కొనసాగించాను; రెండు వందల కేసులు పొట్టిగా తయారయ్యాయి. ప్రతి పాతిక కేసులకు ఒకదాన్ని కాలిపర్‌తో కొలిచే అలవాటు నాకు ఆ రోజు నుంచే వచ్చింది. మీ రెండు బకెట్లకు నా సలహా భుజం రకమే, ఈ అలవాటుతో సహా.

పొడవు కుదిరినా పని పూర్తయినట్టు కాదు. కేసు గోడ పైన పలుచగా, అడుక్కి పోయేకొద్దీ మందంగా ఉంటుంది. .300 బ్లాకౌట్ మెడ తయారయ్యేది .223 నడుము భాగంలోంచి కాబట్టి, కొన్ని కంపెనీల కేసుల్లో కొత్త మెడ కావలసిన దానికన్నా మందంగా వస్తుంది. అలాంటి మెడలో బుల్లెట్ కూర్చున్నాక, విచ్చుకుని దాన్ని వదలడానికి చాంబర్‌లో చోటు మిగలదు. పొడవెక్కువైన కేసు తెచ్చే ముప్పే ఇక్కడా వస్తుంది. అందువల్ల కేసులను అడుగున ముద్రించిన గుర్తుల వారీగా వేరుచేయండి. ఒక్కో గుర్తు నుంచి ఒక కేసును పూర్తిగా మార్చి, మందు గాని ప్రైమర్ గాని లేకుండా బుల్లెట్ మాత్రం కూర్చోబెట్టి, మెడ బయటి వ్యాసం కొలవండి. ఈ తూటా ప్రామాణిక కొలతల చిత్రంలో గరిష్ఠం 0.334 అంగుళాలు. అది దాటిన గుర్తు కేసులను రంపం దాకా తేకుండానే పక్కన పెట్టేయండి. మెడను చెక్కి పలుచన చేసే పరికరాలు ఉన్నాయి గాని, .223 కేసులు ఇంత సులువుగా దొరుకుతున్నప్పుడు ఆ శ్రమ వృథా.

సైనిక కర్మాగారాల 5.56 (.223కు సైనిక రూపం) కేసుల్లో ప్రైమర్ చుట్టూ ఇత్తడి నొక్కి బిగించి ఉంటుంది. పాత ప్రైమర్ తీశాక ఆ అంచును స్వేజింగ్ పరికరంతో నొక్కి సరిచేయనిదే కొత్తది కూర్చోదు.

ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. ఈ రెండు తూటాలూ ఒకే మ్యాగజైన్‌లో ఇముడుతాయి, తేడా బారెల్‌లోనే. కొన్ని బుల్లెట్లతో నింపిన .300 బ్లాకౌట్ తూటా .223 రైఫిల్‌లోకి కూడా ఎక్కుతుంది. అలా ఎక్కినదాన్ని పేలిస్తే రైఫిల్ బద్దలవుతుంది. ఇలా బద్దలైనవి ఉన్నాయి. మ్యాగజైన్లకు వేరువేరు రంగుల పట్టీలు వేయండి, రేంజ్‌కు ఒక రోజున ఒకే రకం తీసుకెళ్లండి.

ప్రశ్న: నా తమ్ముడు హెచ్1బీ వీసా మీద ఉన్నాడు. వారాంతాల్లో మా గరాజ్‌లో కేసులు కోయడానికి సాయం చేస్తానంటున్నాడు. ఖాళీ ఇత్తడే కదా, అభ్యంతరం ఉంటుందా?

జవాబు: ఉంటుంది, దయచేసి తేలిగ్గా తీసుకోకండి. వలసేతర వీసాపై ఉన్నవారు తుపాకులు, తూటాలు కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం చెబుతోంది. ఆ చట్టంలో తూటా అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలో ఖాళీ కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, మందు కూడా విడివిడిగా చేరి ఉన్నాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంది. అయితే మీ తమ్ముడి పరిస్థితికి అది వర్తిస్తుందో లేదో న్యాయవాదిని అడిగి తెలుసుకున్నాకే అతన్ని ఆ బల్ల దగ్గరికి రానివ్వండి. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ నిషేధం లేదు. అలాగే, సొంత వాడకానికి తూటాలు నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు గాని, నింపి అమ్మే వ్యాపారానికి కావాలి. ఈ తేడా స్నేహితుల మధ్య తరచు మరుగున పడుతోంది.

ప్రశ్న: సెలవులకు విజయవాడ వెళుతున్నాను. అక్కడి బంధువుల పిల్లలకు జ్ఞాపికగా నాలుగు ఖాళీ కేసులు పట్టుకెళ్లవచ్చా?

జవాబు: వద్దు. భారతదేశపు 1959 నాటి ఆయుధాల చట్టం రెండో సెక్షన్ తూటా విడిభాగాలను, వాటిని తయారుచేసే యంత్రసామగ్రిని కూడా తూటాల నిర్వచనంలోనే చేర్చింది. దిగుమతికి లైసెన్సు కావాలి. విమానాశ్రయ తనిఖీలో నాలుగు ఇత్తడి గొట్టాలు కనబడితే మీ సెలవులు ఠాణాలో మొదలుకావచ్చు. ప్రయాణానికి ముందు, రేంజ్‌కు తీసుకెళ్లే సంచీని సామానుకు వాడుతున్నట్లయితే, దాని ప్రతి జేబునూ తిరగేసి దులపండి. మూలల్లో ఒక కేసు చిక్కుకుని ఉండడం చాలా మామూలు.