టెర్మినల్‌లో ఉన్న పాండాస్ నోట్‌బుక్‌కు ఎందుకు కనపడదు?

ప్రశ్న: మాది కదిరి. బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ డేటా సైన్స్ కోర్సు చేస్తున్నాను. నా లాప్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉంది, జూపిటర్‌ను (బ్రౌజర్‌లోనే పైథాన్ కోడ్ రాసి నడుపుకునే నోట్‌బుక్) ఒక సీనియర్ అన్న వేసిచ్చాడు. కోర్సు ప్రాజెక్టుకు పాత నంపై (పైథాన్‌లో లెక్కల లైబ్రరీ) కావాలి, నా సొంత ప్రాజెక్టుకు కొత్తది కావాలి. విడివిడిగా వెన్వ్ (ఒక్కో ప్రాజెక్టు లైబ్రరీలు వేరుగా ఉండే ఫోల్డర్) పెట్టుకోమని సార్ చెప్తే పెట్టాను, యాక్టివేట్ చేసి పాండాస్ (డేటా పట్టికల లైబ్రరీ) కూడా వేశాను. అయినా నోట్‌బుక్‌లో 'మాడ్యూల్ నాట్ ఫౌండ్' అనే వస్తోంది. రూమ్మేటేమో పిప్‌కు (లైబ్రరీలు వేసే ఆజ్ఞ) 'బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్' అని తగిలించు, అన్నీ ఎక్కేస్తాయి అంటోంది. వచ్చే వారం డెమో, చాలా టెన్షన్‌గా ఉంది.
— ఒక పాఠకురాలు, బెంగళూరు

జవాబు: ముందు ఒక మాటమ్మా, మీ రూమ్మేట్ చెప్పిన పని మాత్రం చేయొద్దు. ఉబుంటు సొంత పనిముట్లు చాలావరకు ఆ సిస్టమ్ పైథాన్ మీదే నడుస్తాయి, అందులో పిప్ చెయ్యి పెట్టకూడదనే 23.04 నుంచి అడ్డు పెట్టారు. మీరు ఆ మాట తగిలించారంటే అడ్డు తీసేసినట్టే. సుడో పెట్టి, అంటే అడ్మిన్ హక్కుతో, పిప్ కొట్టడం కూడా వద్దు.

మీ వెన్వ్ సరిగ్గానే ఉంది. చిక్కంతా జూపిటర్ పనిచేసే తీరులో ఉంది. బ్రౌజర్‌లో మీకు కనపడే పేజీ వేరు, మీరు సెల్‌లో రాసిన కోడ్‌ను నిజంగా నడిపే కెర్నల్ వేరు. యాక్టివేట్ చేయడం అంటే ఆ ఒక్క టెర్మినల్ విండోలో పైథాన్ ఎక్కడుందో చెప్పే దారి మార్చడమే, అంతకుమించి ఏమీ జరగదు. కెర్నల్‌కు మాత్రం ఏ పైథాన్‌ను పిలవాలో సొంతంగా ఒక చిన్న జేసన్ ఫైల్లో రాసి ఉంటుంది. అది సీనియర్ వేసిచ్చిన పాత పైథాన్‌నే చూపిస్తున్నంత కాలం మీరు టెర్మినల్‌లో ఎన్నిసార్లు పాండాస్ వేసినా నోట్‌బుక్‌కు తెలియదు.

అనుమానం ఉంటే నోట్‌బుక్‌లోనే చూసుకోండి. ఒక సెల్‌లో 'ఇంపోర్ట్ సిస్' అని, కింద లైన్లో 'సిస్.ఎగ్జిక్యూటబుల్' అని రాసి నడపండి. మీ వెన్వ్ ఫోల్డర్ పేరు వస్తే సరే, యూఎస్ఆర్ బిన్ అని వచ్చిందా, మీరు ఇంకా సిస్టమ్ పైథాన్‌లోనే ఉన్నారు. నోట్‌బుక్‌లో ఏ లైబ్రరీ దొరక్కపోయినా నేను మొదట చూసేది ఇదే.

ఇప్పుడు చేయాల్సింది: కోర్సు వెన్వ్ యాక్టివేట్ చేసి 'పిప్ ఇన్‌స్టాల్ ఐపైకెర్నల్' కొట్టండి (చదవడానికి తెలుగులో రాస్తున్నాను, టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే). తర్వాత ఆ వెన్వ్‌ను జూపిటర్‌కు ఒక కెర్నల్‌గా పరిచయం చేసే ఆజ్ఞ కొట్టండి: 'పైథాన్ -ఎం ఐపైకెర్నల్ ఇన్‌స్టాల్ --యూజర్ --నేమ్ కోర్సు'. రెండో వెన్వ్‌లోనూ ఇలాగే, పేరు మాత్రం వేరే పెట్టాలి, లేకపోతే మొదటిదాని మీద పడిపోతుంది. తర్వాత నోట్‌బుక్ పేజీని రిఫ్రెష్ చేసి కెర్నల్ మెనూలో చేంజ్ కెర్నల్ నొక్కితే రెండు పేర్లూ కనపడతాయి. పాత నోట్‌బుక్ తన పాత కెర్నల్ పేరునే లోపల దాచుకుని ఉంటుంది కాబట్టి దాన్ని తెరిచి ఒకసారి మార్చి సేవ్ చేయాలి. చాలామంది ఇది మర్చిపోయి, అన్నీ చేశాం, అయినా రాలేదంటారు.

ఇక నంపై సంగతి. 2024 జూన్‌లో వచ్చిన నంపై 2.0తో, అంతకుముందు 1 సిరీస్ మీద కంపైల్ చేసిన లైబ్రరీలు కొన్ని ఇంపోర్ట్ దగ్గరే పడిపోతాయి, మీ కోర్సు వాళ్లు పాతది అడగడానికి బహుశా అదే కారణం. కోర్సు వెన్వ్‌లో నంపై పేరు పక్కన 'రెండు కంటే తక్కువ' అనే గుర్తు పెట్టి వేసుకోండి, ఆ మొత్తాన్నీ కొటేషన్లలో పెట్టడం మరవొద్దు, లేదంటే టెర్మినల్ ఆ గుర్తును ఫైల్ చదవమన్న ఆజ్ఞగా తీసుకుంటుంది. నోట్‌బుక్ లోపలి నుంచే ఏదైనా వేయాలంటే పిప్ ముందు ఆశ్చర్యార్థకం కాకుండా శాతం గుర్తు పెట్టండి. ఆశ్చర్యార్థకం పెడితే దారిలో ఏ పిప్ తగిలితే అది నడుస్తుంది, శాతం గుర్తయితే ఆ కెర్నల్ పైథాన్‌లోకే వెళ్తుంది. వేశాక కెర్నల్‌ను రీస్టార్ట్ చేయండి.

అనకొండ (పైథాన్, లైబ్రరీలు కలిపి వచ్చే ప్యాకేజీ) జోలికి ఇప్పుడు పోవద్దు, డెమో ముందు పీజీ వైఫైలో అంత పెద్ద డౌన్‌లోడ్ ఎందుకు? పైథాన్ వెర్షనే వేరేది కావాల్సి వస్తే అప్పుడు దాని చిన్న రూపం మినీకొండ చూద్దాం, వెన్వ్ ఆ పని చేయలేదు.

ప్రశ్న: నా వెన్వ్ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి స్నేహితుడికిచ్చాను. వాడి దగ్గర నడవట్లేదు.
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: నడవదండీ. ఆ ఫోల్డర్‌లోని స్క్రిప్టుల్లో మీ లాప్‌టాప్‌లోని పూర్తి దారి రాసి ఉంటుంది, మీ దగ్గరే వేరే చోటికి జరిపినా తేడా కొడుతుంది. 'పిప్ ఫ్రీజ్' కొట్టి వచ్చిన జాబితాను రిక్వైర్‌మెంట్స్ అనే టెక్స్ట్ ఫైల్లోకి పంపండి. ఆ ఫైలు, నోట్‌బుక్ ఫైలు ఇస్తే చాలు. ఆయన తన దగ్గర కొత్త వెన్వ్ చేసుకుని 'పిప్ ఇన్‌స్టాల్ -ఆర్' పక్కన ఆ ఫైలు పేరు కొట్టుకుంటారు. ఇద్దరి పైథాన్ వెర్షన్ ఒకటేనో కాదో మాత్రం ముందే అడిగి తెలుసుకోండి.