పెరటి కోడిపిల్లలు చనిపోతుంటే ఏం చేయాలి?

నమస్కారమండీ. రోజు వయసున్న వనరాజా పిల్లలను తెచ్చి పెరట్లో వదిలితే వారంలోనే సగానికి పైగా చనిపోయాయనీ, ఇక కోళ్లు మానేసి కూరగాయలే వేసుకోవాలా అనీ మీరు అడిగారు. మానవలసిన అవసరం లేదు. హైదరాబాదులోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజా, గ్రామప్రియ రకాలు పెరటి పెంపకానికి ఉద్దేశించినవే అయినా, తల్లికోడి వెచ్చదనం లేని ఆ పిల్లలను తొలి 6 వారాలు లోపలే పెంచాలి.

గాలి కొట్టని మూలలో వరి ఊక 2 అంగుళాల మందాన పరిచి, చుట్టూ అట్ట కట్టి, పైన బల్బు వేలాడదీయండి. పిల్లలన్నీ బల్బు కిందే ఒకదానిపై ఒకటి ఎక్కుతూ అరుస్తుంటే చలి వేస్తున్నట్లు, అంచులకు పోయి నోళ్లు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువైనట్లు గ్రహించి, బల్బును దించడమో ఎత్తడమో చేయండి. కోళ్లను చంపే కొక్కెర తెగులు (రాణిఖేత్ వ్యాధి) రాకుండా మొదటి వారంలో లసోటా అనే టీకా చుక్క కంట్లో వేయించి, నాలుగో వారంలో మళ్లీ వేయించి, 8 వారాలు దాటాక అదే తెగులుకు ఆర్‌2బి అనే టీకా సూది వేయించండి. టీకాను ఐసులో పెట్టి తేవడం మాత్రం మరువకండి. వేడి తగిలిన టీకా వేసినా వేయనట్టే.

కూరగాయలు కూడా నిశ్చింతగా వేసుకోండి. కోళ్లు చొరబడకుండా ఆకుకూరల మడికి వెదురు దడి కట్టి, దాన్ని ఎప్పుడూ తీయకండి. కోళ్ల ఎరువు పచ్చిగా వేస్తే మొక్కలు మాడతాయి కనుక, ఆకుచెత్తతో కలిపి బాగా మాగిన తరువాతే వాడండి.